పాపకు పక్షి పేరు పెట్టాలనుకుంటున్నాం: ఏ భాషదైనా మన ఇళ్లలో పలకగలిగే పేరు సూచించగలరా?

టెక్కలి ఆడపడుచు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పురిటికి పుట్టింటికి వచ్చిన నాకు ఈ నెలలోనే ఆడపిల్ల పుట్టింది. మా పుట్టిల్లు టెక్కలి మండలంలో తేలినీలాపురానికి దగ్గరలోని పల్లె కావడంతో, ఏటా అక్కడికి వచ్చి చెట్ల మీద గూళ్లు కట్టుకునే గూడబాతులనూ ఎర్రకాళ్ల కొంగలనూ చూస్తూనే నేను పెరిగాను. పురుడు పోసుకోవడానికి వచ్చిన ఆడపిల్లల్లాంటివి అవి అని మా నాయనమ్మ ఎప్పుడూ అంటుంది. మా పాపకు పక్షి పేరు పెట్టాలన్న కోరిక నాకు అక్కడి నుంచే కలిగింది, నా భర్తకూ అది నచ్చింది.

పాప నక్షత్రం పునర్వసు. ఆ నక్షత్రానికి చెప్పే కే, కో, హా, హీ అనే అక్షరాలలో ఒకదానితో పేరు మొదలు కావాలని మా అత్తగారు అడుగుతున్నారు, అక్షరం హ్రస్వమైనా దోషం లేదని పురోహితులు చెప్పారు. పేరు ఏ దేశానిదైనా, ఏ మతం వారు పెట్టుకునేదైనా మా ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు. అయితే చదువుకోని మా నాయనమ్మ వీధి గుమ్మంలో నిలబడి పిలిచినా తడబడకుండా పలకగలగాలి, పెద్దయ్యాక పాప తన పేరుకు అర్థం అడిగినప్పుడు నేను చెప్పేది నిజమై ఉండాలి. అంతర్జాలంలో దొరికిన జాబితాలు చూస్తే ఒకే పేరుకు ఒకచోట నెమలి అనీ, మరొకచోట కిరణం అనీ ఉన్నాయి, వేటిని నమ్మాలో తెలియడం లేదు. బారసాల ఇరవై ఒకటో రోజున చేస్తున్నాం. తెలిసిన పెద్దలు దయచేసి చెప్పండి.

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం

అమ్మా, తల్లీబిడ్డలకు నా ఆశీస్సులు. మీరు చెప్పిన ఆ సందేహం మయూఖ అనే పేరు గురించే అయి ఉంటుంది. మయూరమంటే నెమలి, మయూఖమంటే కిరణం, ఈ రెండింటికీ సంబంధం లేదు. జాబితాలు తయారుచేసేవారు ఒకరి పొరపాటును ఇంకొకరు ఎత్తి రాసుకోవడం వల్ల అది అలా పాకిపోయింది.

సంస్కృతంలో పక్షుల నుంచి వచ్చిన పేర్లు మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువగా మన ఇళ్లలోనే తిరుగుతున్నాయి. వ్యాసుని కుమారుడు శుకుడి పేరుకు చిలుక అని అర్థం. కౌశిక శబ్దానికి ఉన్న అర్థాలలో గుడ్లగూబ ఒకటి. భరద్వాజమన్నది కూడా ఒక పిట్ట పేరేనని అమరకోశం చెబుతుంది, మహారాష్ట్రలో ఇప్పటికీ జెముడుకాకిని ఆ పేరుతోనే పిలుస్తారు. తైత్తిరీయమనే మాటలో ఉన్నది తిత్తిరి, అంటే కౌజు. మన ప్రాంతం వాళ్లకు మరీ దగ్గరి మాట ఇంకొకటి ఉంది. అమరకోశం కలింగ, భృంగ, ధూమ్యాట అనే మూడు పేర్లనూ ఒకే పక్షికి చెప్పింది, అది పొలాల్లో పశువుల వీపు మీదా కరెంటు తీగల మీదా కూర్చుని, తోక చివర రెండుగా చీలి కనిపించే నల్లటి ఏట్రింత. మనం కళింగులమని గర్వంగా చెప్పుకునే ఈ నేల పేరుతో ఒక పిట్ట ఉందన్న సంగతి పిల్లలకు పాఠంలో చెప్పినప్పుడల్లా వాళ్ల ముఖాలు విప్పారడం నేను చూశాను.

ఇక మీ అక్షరాల సంగతి. కేకా అంటే సంస్కృతంలో నెమలి కూత, కేకి అంటే నెమలి. అర్థం ఎంత అందమైనదైనా తెలుగు బడిలో ఆ పేరు గల పిల్ల పడే బాధ తలచుకుంటే దానిని నేను సిఫారసు చేయలేను. హారీతమంటే పచ్చపావురం, హారీతుడు ఒక ఋషి, ఆ పేరుతో గోత్రం కూడా ఉంది, కానీ అది మగపిల్లవాడికే నప్పుతుంది. కోకిల, హంస, హంసిని, హంసిక అనేవి మీ అక్షరాలకు నేరుగా సరిపోతాయి. వీటిలో హంసకు మన సాహిత్యంలో ఉన్న గౌరవం మరే పక్షికీ లేదు. పాలనూ నీళ్లనూ వేరు చేయగలదన్న కవిసమయం ఒక ఎత్తు, నలదమయంతుల మధ్య రాయబారం నడిపినది అదే కావడం ఒక ఎత్తు. పింగళి సూరన ప్రభావతీప్రద్యుమ్నంలో శుచిముఖి అనే ఆడ హంస ఉంది, మాటలో నేర్పు, మనసులో స్వచ్ఛత ఉన్న దూతిక. మీ అక్షరం అడ్డు రాకపోతే ఆ పేరే పెట్టమని పట్టుబట్టి ఉండేవాణ్ణి. పక్షి పేర్లలో అన్నిటికంటే మీ కథకు దగ్గరైనది శకుంతల. మాలినీ నది ఒడ్డున విడిచిపెట్టిన పసిబిడ్డను శకుంతాలు, అంటే పక్షులు, చుట్టూ చేరి కాపాడడం వల్ల కణ్వ మహర్షి ఆ పేరు పెట్టాడని ఆదిపర్వం చెబుతుంది. రాశి పేరు ఒకటి, పిలిచే పేరు ఒకటి పెట్టే అలవాటు మీ ఇంట్లో ఉంటే దీనిని ఆలోచించండి.

ఖరగ్‌పూర్ తెలుగువాడు

నమస్కారం. మా తాతగారు పలాస దగ్గరి నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మా వీధిలో సగం మంది శ్రీకాకుళం, విజయనగరం వారే కాబట్టి తెలుగు పేర్లు, బెంగాలీ పేర్లు రెండూ ఒకే బడి హాజరుపట్టీలో చూసి పెరిగాను. బెంగాలీలు కూతుళ్లకు పిట్టల పేర్లు ఎంత ధారాళంగా పెడతారో మనవాళ్లు అంత అరుదుగా పెడతారని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. టియా అంటే చిలుక, మొయ్‌నా అంటే గోరింక, దోయెల్ అంటే నలుపు తెలుపు రంగుల్లో తోక నిక్కించి తెల్లవారుజామునే పాడే పిట్ట, అదే బంగ్లాదేశ్ జాతీయపక్షి. పాపియా అన్నది ఎండాకాలంలో గొంతు అంతకంతకూ పెంచుతూ కూసే కోకిల జాతి పిట్ట పేరు. అక్కడ అందమైన పేరే గాని, పాపమన్న మాట ముందుగా తోచే మన ఊళ్లలో అది నిలబడదు.

మీ కో అక్షరానికి కోయెల్ సరిగ్గా కుదురుతుంది, కోకిలే దాని అర్థం. రెండక్షరాల పేరు కనుక పలకడమూ సులువు. హీ అక్షరానికి హీరామన్ ఉంది. ఉత్తరాది కథల్లో రాజకుమారికి లోకజ్ఞానం చెప్పే మాటకారి చిలుక అది, పద్మావత్ కావ్యం వల్ల ఆ పేరు అందరికీ తెలిసింది. కాకపోతే అది మగ పేరుగానే చెల్లుతోంది. నా ఓటు కోయెల్‌కే.

సంగీత విద్యార్థిని, విజయనగరం

అక్కా, పాపకు శుభాకాంక్షలు. 1919లో మొదలై ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా పనిచేసిన కళాశాలలో సంగీతం నేర్చుకుంటున్నాను కనుక నాకు తోచినవి రాగాల పేర్లే. హంసధ్వని, హంసనాదం, హంసానంది మీ అక్షరంతోనే మొదలవుతాయి. ముత్తుస్వామి దీక్షితుల తండ్రి రామస్వామి దీక్షితులు కల్పించినదని చెప్పే హంసధ్వనిని కచేరీ ఆరంభంలో పాడే ఆచారం ఉంది కాబట్టి, ఇంట్లో మొదటి బిడ్డకు ఆ పేరు చక్కగా ఉంటుంది. కో అక్షరానికి పదకొండో మేళకర్త రాగమైన కోకిలప్రియ ఉంది. పిలవడానికి హంస అని కుదించుకోవచ్చు.

బీల పక్షులు, సోంపేట

నమస్కారమండీ. నేను సెలవు రోజుల్లో సోంపేట బీల అనే చిత్తడి నేలలోనూ తేలుకుంచి గ్రామంలోనూ పక్షులను గమనిస్తూ ఉంటాను. పేరు పెట్టేముందు ఆ పక్షి జీవితం కూడా ఒకసారి చూసుకోవడం మంచిదని నా నమ్మకం, ఎందుకంటే రేపు పాప పెద్దదై అడిగేది ముందుగా దాని గురించే.

కోకిల విషయంలో రెండు సంగతులు చెప్పాలి. మామిడితోపులో గొంతెత్తి పాడేది నల్లటి మగ కోకిల. ఆడది గోధుమరంగు మీద తెల్లని చుక్కలతో ఉంటుంది, కాకి గూట్లో గుడ్లు పెట్టి ఆ పిల్లల పెంపకాన్ని కాకికే వదిలేస్తుంది. సంస్కృతంలో దానికి పరభృతమన్న పేరు అందుకే వచ్చింది. దీనివల్ల పేరు అందం తగ్గుతుందని నేను అనను, కానీ మా ఇంట్లో ఇదే పేరు అనుకున్నప్పుడు పెద్దవాళ్లు ఈ కారణంతోనే ఒప్పుకోలేదు.

హంస గురించి మాత్రం మీకు ధైర్యంగా చెప్పగలను. తామరకొలనుల్లో తెల్లగా మెడ వంచి ఈదే ఐరోపా హంస మన దేశపు వాడుక పక్షి కాదు. మన పూర్వులు చూసిన హంస తల మీద రెండు నల్లని చారలుండే బూడిదరంగు పెద్దబాతు అని చాలామంది పక్షిశాస్త్రజ్ఞుల అభిప్రాయం. అది టిబెట్, మధ్య ఆసియా ఎత్తైన సరస్సుల దగ్గర పిల్లలను చేసి, చలికాలంలో హిమాలయాలను దాటి మన వైపు దిగుతుంది. మానససరోవరం నుంచి హంసలు వస్తాయన్న మాట ఇంత నిజానికి దగ్గరగా ఉండడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్తే వచ్చే చిలికా సరస్సు 1981లోనే అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు పొందింది, చలికాలంలో అక్కడ ఆ బాతులను మీ పాపకు కళ్లారా చూపించవచ్చు.

తేలినీలాపురం పక్షులు సైబీరియా నుంచి వస్తాయని మన జిల్లాలో అందరూ అంటారు. ఆ మాట పాపకు చెప్పకండి. గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ దక్షిణ, ఆగ్నేయ ఆసియా పక్షులే, నీటినీ చేపలనూ బట్టి దేశంలోనే ఒకచోటి నుంచి ఇంకొక చోటికి మారుతూ, గూడుకు అనువైన చెట్లున్న ఊరిని వెతుక్కుని వస్తాయి. తేలుకుంచికి వానలతో వచ్చే గుల్లకొంగలూ అంతే, పొలాల్లోని నత్తలే వాటి ఆహారం.

ఒకవేళ అక్షరం పట్టింపు వదిలేస్తే, 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపక్షిగా ప్రకటించిన రామచిలుక పేరు మీద శారికకు, అంటే గోరింకకు, జతగా శుకి, అంటే ఆడ చిలుక, ఉంది. దసరా నాడు చూడాలనుకునే పాలపిట్టను హిందీలో నీలకంఠమంటారు, మన ఊళ్లలో నీలకంఠాలకు కొదవ లేదు. ఇంకొక మాట, రాబిన్ అన్న పేరు పిట్ట నుంచి వచ్చిందనుకుంటారు గాని, అది రాబర్ట్ అన్న పేరుకు ముద్దురూపం. పిట్టకే ఆ మనిషి పేరు తరువాత అంటుకుంది.

ఓడ ఉద్యోగి, కవిటి

చెల్లెమ్మా, ఓడల మీద పలు దేశాలవారితో పనిచేయడం వల్ల నాకు తెలిసినవి చెబుతాను. రష్యావారిలో పక్షులు ఎక్కువగా ఇంటిపేర్లలో ఉంటాయి. సొకొలోవ్‌లో డేగ, గోలుబెవ్‌లో పావురం, లెబెదెవ్‌లో హంస ఉన్నాయి, 1961లో అంతరిక్షంలోకి వెళ్లిన తొలి మనిషి గగారిన్ ఇంటిపేరులో ఉన్నది గగారా అనే నీటిపక్షి. టర్కీలో షాహిన్ అంటే డేగ, అదే పారసీ మాట మన ముస్లిం సోదరుల ఇళ్లలో షాహీన్‌గా వినిపిస్తుంది. స్పానిష్ మాట్లాడేవారు ఆడపిల్లకు పలోమా అని పెడతారు, అంటే పావురం. జపాన్‌లో చిజురు అనే పేరుకు వేయి సారసాలని అర్థం, అక్కడ ఆ పక్షి దీర్ఘాయువుకు గుర్తు.

వీటిలో నాకు అమితంగా నచ్చినది హుమా. ఎప్పుడూ నేల మీద వాలదని, దాని నీడ తల మీద పడినవాడు రాజవుతాడని ఇరాన్ గాథల్లో చెప్పే పక్షి అది. హుమాయూన్ అన్న పేరు కూడా దానికి సంబంధించినదే. మా నాయనమ్మ కాలపు చిలకమ్మలాగే రెండు పెదవులు కలిపితే వచ్చేసే తేలిక పేరు. హు పునర్వసుకు కాక పుష్యమికి చెందిన అక్షరమని మా అమ్మ పక్కనుంచి చెబుతోంది కాబట్టి, నిర్ణయం మీ అత్తగారిదే.

ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయిని, విజయనగరం

తల్లీ, మీ ప్రశ్న ఆసక్తిగా చదివాను. మా క్రైస్తవ కుటుంబాలలో పక్షి పేర్లు చాలాకాలంగా ఉన్నాయి, వాటిని పెట్టుకున్నవారిలో కొందరికి ఆ సంగతి తెలియకపోవచ్చు. మోషే భార్య సిప్పోరా పేరుకు హెబ్రీ భాషలో పక్షి అని అర్థం, యోనా అంటే పావురం. యోబుకు కష్టాలు తీరిన తరువాత పుట్టిన ముగ్గురు కుమార్తెలలో పెద్దదైన యెమీమా పేరును కూడా పావురమనే చెబుతారు. ప్రిస్కిల్ల భర్త అకుల పేరు లాటిన్‌లో గద్దజాతి పెద్దపక్షిని సూచిస్తుంది.

ఇవేవీ మీ అక్షరాలకు రావు. మీకు పనికి వచ్చేది ఇంకొకటి ఉందని నాకు తోచింది. హెబ్రీలో కొంగజాతి పక్షిని హసీదా అంటారు, ఆ భాష మాట్లాడేవారు దానిని ఆడపిల్లలకు పేరుగానూ పెట్టుకుంటారు. దయ, వాత్సల్యం అనే అర్థమున్న హెసెద్ అన్న మాటతో దీనికి మూలం ఒకటే. ఆ పక్షి తన తోటివాటి పట్ల దయ చూపుతుందని, అందుకే ఆ పేరు వచ్చిందని యూదుల పెద్దలు వ్యాఖ్యానించారు. నూట నాలుగో కీర్తనలో సరళవృక్షాల మీద నివాసం ఏర్పరచుకునే పక్షి ఇదే. యిర్మీయా గ్రంథం ఎనిమిదో అధ్యాయంలో ఆకాశంలో ఎగిరే సంకుబుడి కొంగ సైతం తాను రావలసిన కాలాన్ని ఎరుగునని ప్రవక్త చెప్పిన మాటలోనూ మూలంలో ఉన్నది హసీదాయే. చెట్ల మీద గూళ్లు కట్టి, ఏటా వేళ తప్పకుండా మీ ఊరికి వచ్చే కొంగల గురించి చదువుతూ ఉండగా నాకు ఆ వాక్యమే గుర్తు వచ్చింది. మన చెవికి అది హసిత అన్న పేరుకు బాగా దగ్గరగా ఉంటుంది కనుక పల్లెలో కొత్తగా అనిపించదు.

తొందరపడవలసిన అవసరమూ లేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కింద 21 రోజుల్లోగా జననాన్ని తెలియజేస్తే చాలు, పేరు లేకుండానే నమోదు చేస్తారు. 12 నెలల్లోపు రుసుము లేకుండా, ఆ తరువాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో పేరు చేర్పించుకోవచ్చు. అయితే ఇంగ్లీషు అక్షరక్రమం ఏదో మొదటే నిర్ణయించుకుని, జనన ధ్రువపత్రం, ఆధార్, బడి ప్రవేశపత్రం మూడింటిలోనూ అదే రాయించండి. పదో తరగతి ధ్రువపత్రం దగ్గరికి వచ్చేసరికి ఒక్క అక్షరం తేడాతో తల్లిదండ్రులు కార్యాలయాల చుట్టూ తిరగడం నేను ఏటా చూస్తున్నాను.

బీల పక్షులు, సోంపేట

అమ్మగారు చెప్పినదానికి ఒక చిన్న చేర్పు. ఆ దేశంలో హసీదా అంటే ముందుగా గుర్తు వచ్చేది తెల్లకొంగ, ఏటా ఐరోపా నుంచి ఆఫ్రికాకు వెళ్తూ ఆ భూమి మీదుగా వేలాదిగా ఎగురుతుంది. మన ఎర్రకాళ్ల కొంగా, తేలుకుంచి గుల్లకొంగా అదే కుటుంబానికి చెందినవి. చెరువు గట్టున, పొలంలో కనిపించే చిన్న తెల్లకొంగల కుటుంబం మాత్రం వేరు. కాబట్టి తేలినీలాపురంలో గూటి మీద ఉన్న ఎర్రకాళ్ల కొంగను చూపించి నీ పేరు ఇదేనని పాపకు చెబితే అందులో తప్పేమీ ఉండదు.

టెక్కలి ఆడపడుచు

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఇవన్నీ మా అత్తగారికి ఫోన్లో చదివి వినిపించాను. కోకిల గూడు సంగతి వినగానే ఆమె వద్దన్నారు. మాస్టారు చెప్పిన హంసిని, అమ్మగారు చెప్పిన హసీదా చివరి వరకు నిలిచాయి. మా ఆయనకు హంసిని మీద మక్కువ, కానీ మా రెండు కుటుంబాల్లోనూ ఇప్పటికే ఒక హంసిక, ఒక హంస ఉన్నారు. మా నాయనమ్మను హసీదా అనమంటే మొదటిసారే తడబడకుండా అంది, కొంగ పేరని చెబితే చాలా సంతోషించింది. మేము హసీదా వైపే మొగ్గుతున్నాం. మాస్టారూ, తెలుగులో దీనిని చివర దీర్ఘంతో రాయాలా, దీర్ఘం లేకుండానా?

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం

మంచి పేరు ఎంచుకున్నారమ్మా. సీతా, రాధా అన్న సంస్కృత రూపాలను మనం సీత, రాధ అని రాసుకున్నట్లే దీనిని హసీద అని రాయడం తెలుగు పద్ధతికి సరిపోతుంది, పిలిచేటప్పుడు దీర్ఘం దానంతట అదే వస్తుంది. ఇంగ్లీషులో రాసేటప్పుడు చివర ఒక్క ‘ఏ’ అక్షరం చాలు, రెండు పెట్టకండి. సీ దగ్గర ‘ఐ’ ఒకటా, ‘ఈ’లు రెండా అన్నది మాత్రం బారసాల బియ్యంలో పేరు రాసేలోపు మీ ఆయనతో కలిసి తేల్చుకోండి.